భ్రమరాంబ గారి బరువు ఫైలు

ఉద్యోగులందరూ బరువు తగ్గాలని పై నుంచి ఉత్తర్వు వచ్చిన రోజున మా ఆఫీసులో ఎవరూ పెద్దగా కంగారు పడలేదు. అంతకుముందు సంవత్సరం ఉద్యోగులందరూ చిరునవ్వుతో ఉండాలని వచ్చింది. ఆ ముందటేడు ఒక్కొక్కరూ ఒక మొక్కను దత్తత తీసుకోవాలని వచ్చింది. రెండూ నూటికి నూరు శాతం అమలైనట్టు నేనే టైపు చేసి పంపాను.

నా పేరు ఏసుపాదం. తూముల పర్యవేక్షణ శాఖ జిల్లా కార్యాలయంలో టైపిస్టుని. జిల్లాలో కాలవల నుంచి పొలాలకు నీరు వదిలే తూములు ఎన్ని ఉన్నాయో ఏటా లెక్కపెట్టి, పోయినేడు ఎన్ని ఉన్నాయో ఈ ఏడూ అన్నే ఉన్నాయని పైకి తెలియజేయడం మా శాఖ పని.

కొత్త కార్యక్రమం పేరు లఘుదేహ సంకల్పం. మా డైరెక్టరు గారు ఏదో కొండ మీద మూడు రోజుల శిక్షణకు వెళ్లి, దిగుతూ దిగుతూ దాన్ని తీసుకొచ్చారని చెప్పుకున్నారు. దాని ప్రకారం ప్రతి ఉద్యోగీ వారానికో రోజు ఉపవాసం ఉండాలి, రోజుకు ముప్పావుగంట వ్యాయామం చేయాలి, నెలకు కిలోకు తగ్గకుండా తగ్గాలి. ప్రతి సోమవారం ఉదయం పదిన్నరకు తూకం. తగ్గినవారికి ప్రశంసాపత్రం. తగ్గనివారికి ప్రమోషను ఉండదు.

మా డిప్యూటీ డైరెక్టరు పశుపతినాథ్ గారు మమ్మల్నందర్నీ హాల్లో సమావేశపరిచారు. ఆయన రాసినట్టే మాట్లాడతారు.

"సదరు కార్యక్రమం యొక్క స్ఫూర్తిని ప్రతి ఒక్కరూ తమ తమ శరీరముల యందు అమలు పరచవలసి ఉన్నది. ఏమైనా సందేహములున్నచో అడగవచ్చును."

అటెండరు వీర్రాజు చెయ్యెత్తాడు. వీర్రాజు నలభై ఆరు కిలోలుంటాడు. గాలివానకి గొడుగు తీసుకెళ్లడు, గొడుగే తనని తీసుకెళుతుందేమోనని.

"నెలకో కిలో అంటే, నలభై ఆరు నెలలయ్యేసరికి నేనుండను కదండీ?"

పశుపతినాథ్ గారు ఆలోచించారు. "అట్టి పరిస్థితి ఉత్పన్నమైనప్పుడు తగు నిర్ణయం తీసుకొనబడును," అన్నారు.

ఎరువుల బస్తాలు తూచే కాటా ఒకటి తెప్పించి హాలు మధ్యలో పెట్టారు. మొదటి తూకం రోజున ఆఫీసంతా ముందుచూపుతో వచ్చింది. ముందు ముందు తగ్గాలంటే ముందు ఎక్కువుండాలి కదా. నేను ప్యాంటు జేబుల్లో చెరో పేపర్ వెయిటూ వేసుకుని, ఇంటి నుంచి చెంబెడు మజ్జిగ తాగి వచ్చాను. సూపరింటెండెంటు జోగారావు గారు రికార్డు రూము తాళాల గుత్తి మొలకు కట్టుకున్నారు. ఇక డ్రాయింగ్ సెక్షన్ వాళ్లు వేసుకొచ్చిన బూట్లు చూస్తే మంచు కొండలెక్కబోతున్నారేమో అనిపించింది.

చెప్పులు విడిచి, హ్యాండ్‌బ్యాగు బల్ల మీద పెట్టి, చేతి గడియారం కూడా తీసేసి కాటా ఎక్కిన మనిషి మా ఆఫీసులో ఒక్కరే. సీనియర్ అసిస్టెంటు భ్రమరాంబ గారు. తొంభై మూడు కిలోల వంద గ్రాములు.

"అదేంటండీ, అలా వట్టి చేతుల్తో ఎక్కేశారు?" అన్నాను తర్వాత మెల్లిగా.

"నాకు నిజంగానే తగ్గాలనుందండీ ఏసుపాదం గారూ," అన్నారావిడ.

ఆ వారమే ఆవిడకి షుగరు వచ్చిందని తెలిసింది. మా ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తొమ్మిదేళ్లుగా మరమ్మతు పరిశీలనలో ఉంది. రోజూ పొద్దున్న రెండో అంతస్తు మలుపులో భ్రమరాంబ గారు గోడకు చెయ్యానించి నిలబడి, ఎవరైనా వస్తుంటే చీర కుచ్చిళ్లు సర్దుకుంటున్నట్టు నటించడం మేమంతా చూసేవాళ్లం. చూడనట్టు మేమూ నటించేవాళ్లం. ఆవిడకి నలభై ఎనిమిదేళ్లు. జోగారావు గారు మార్చి ఆఖరుకి రిటైరయితే ఆ సీటు ఆవిడదే. పందొమ్మిదేళ్లుగా ఆవిడ ఆ సీటుకి ఎదురుగా కూర్చుని పని చేస్తున్నారు.

ఆవిడ మర్నాటి నుంచే మొదలుపెట్టారు. పొద్దున్న అయిదున్నరకి భర్త సోమలింగం గారితో కలిసి కాలవ గట్టు మీద లాకుల దాకా నడక. సాయంత్రం ఆరున్నరకల్లా భోజనం ముగించి, మళ్లీ మర్నాడు పదింటి దాకా మంచినీళ్లే. గురువారం ఒక్కపూట.

మాకూ గురువారమే ఉపవాసం. హాజరుపట్టీలో ఉపవాసానికి వేరే గడి గీశారు. ఉపవాసంలో ఫలహారం చేయవచ్చునా అని జోగారావు గారు రాతపూర్వకంగా అడిగితే, చేయవచ్చునని పశుపతినాథ్ గారు రాతపూర్వకంగా చెప్పారు. ఫలహారమంటే ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ అని మనకందరికీ తెలుసు. దాంతో గురువారాలు మా క్యాంటీను వాడు ఇంకో పొయ్యి పెట్టాడు.

నాలుగు నెలలు గడిచాయి. నేను పేపర్ వెయిట్లు ఒక్కొక్కటే తీసేసి రెండు ప్రశంసాపత్రాలు అందుకున్నాను. భ్రమరాంబ గారు తొంభై మూడు నుంచి ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములకి వచ్చారు. అది ఆఫీసంతటిలోకీ అసలైన తగ్గుదల. రెండో అంతస్తు మలుపులో ఆవిడ ఆగడం మానేశారు.

ఆ తర్వాత కాటా ఆగిపోయింది.

అక్టోబరు మొదటి సోమవారం ఎనభై రెండు నాలుగు. రెండో సోమవారం ఎనభై రెండు నాలుగు. మూడోదీ అంతే, నాలుగోదీ అంతే. నడక మానలేదు, ఒక్క పూటా హద్దు దాటలేదు. అయినా ఆ అంకె అక్కడే కూర్చుంది. కాటా మీద సందేహం వచ్చి వీర్రాజుని ఎక్కించి చూశారు. నలభై ఆరు. కాటా తప్పేమీ లేదు.

పశుపతినాథ్ గారు నన్ను పిలిచి మెమో చెప్పారు, నేను టైపు చేశాను. "గడచిన నాలుగు వారములుగా తాము ఎట్టి ముందస్తు అనుమతియు లేకుండా ఒకే బరువునందు కొనసాగుచున్నట్లు ఈ కార్యాలయపు దృష్టికి వచ్చినది. ఇది కార్యక్రమ లక్ష్యముల పట్ల సహాయ నిరాకరణగా ఎందుకు పరిగణించరాదో మూడు రోజులలోగా సంజాయిషీ ఇవ్వవలెను."

భ్రమరాంబ గారు ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నారు. తర్వాత సెలవు పెట్టి మునిసిపల్ ఆసుపత్రిలో డాక్టరు రెహానా గారి దగ్గరికి వెళ్లారు. ఆవిడ షుగరు పరీక్ష కాగితం చూసి సంతోషించారట. "తగ్గేటప్పుడు ఇలా కొన్నాళ్లు ఆగడం మామూలేనమ్మా. ఒళ్లు కొత్త లెక్కకి అలవాటు పడుతోంది. మీరు చేసేది చేస్తూ ఉండండి, కంగారు పడకండి, నిద్ర బాగా పోండి," అని చెప్పి, అదే చీటీ మీద రాసిచ్చారు.

దాంతోపాటు సోమలింగం గారి మాట కూడా ఉంది. ఆయన టైలరు. బజారులో ఆయన కుట్టిన జాకెట్లకి మంచి పేరు.

"బరువు సంగతి నాకు తెలీదండి," అన్నారాయన, ఆఫీసుకి స్వయంగా వచ్చి. "ఈ నెల్లోనే రెండుసార్లు జాకెట్లు లోపలికి పట్టాను. నడుం దగ్గర అంగుళమున్నర తగ్గింది. ఇదిగోండి, టేపు కూడా తెచ్చాను."

పశుపతినాథ్ గారు డాక్టరు చీటీ ముందు చదివారు.

"శరీరము సర్దుకొనుచున్నది అని వ్రాసినారు. ఎవరి ఉత్తర్వు మేరకు సర్దుకొనుచున్నది?"

"దానంతటదేనండీ," అన్నారు భ్రమరాంబ గారు.

"దానంతటదే జరుగు పనులకు మన శాఖలో అవకాశము లేదమ్మా. ఇకపోతే అంగుళములు. కార్యక్రమము కిలోలలో ఉన్నది. అంగుళములు ఈ కార్యాలయపు పరిధిలోనికి రావు."

"మరి నేనేం చెయ్యాలండీ?"

"మీకు ప్రేరణ కొరవడినది. ప్రేరణ సరఫరా చేయుటకు పైకి వ్రాయుచున్నాను."

పది రోజుల్లో ప్రేరణ వచ్చింది. దాని పేరు మార్తాండ్. శాఖ కాంట్రాక్టు మీద నియమించిన ప్రేరణాధికారి. ముప్పై అయిదేళ్లవాడు, మెడలో టై, టై కింద బాగా నిండుగా పొట్ట, చెంప పక్కనే చిన్న మైకు. మైకు లేకుండా మాట్లాడితే తన గొంతు తనకే వినిపించదేమో అన్నట్టు పక్క కుర్చీలో ఉన్నవాళ్లతో కూడా మైకులోనే మాట్లాడేవాడు.

మొదటి రోజే భ్రమరాంబ గారి బల్ల దగ్గర నిలబడి, "మేడం! మీలో ఒక పులి ఉంది!" అన్నాడు. హాలంతా మోగింది.

భ్రమరాంబ గారు ఫైలు మీంచి తలెత్తారు. "అది కూడా తూకంలోకి వస్తుందాండీ?"

మార్తాండ్ తగ్గలేదు. ఆవిడ మెట్లెక్కి వచ్చేటప్పుడు ఉద్యోగులందరూ రెండు వైపులా నిలబడి చప్పట్లు కొట్టాలని ఏర్పాటు చేశాడు. గేటు దగ్గర నల్లబోర్డు పెట్టించి, పైన ఆవిడ ఫోటో, కింద "నేటి బరువు" అని రోజూ రాయించాడు. తెల్లవారుజామున అయిదింటికి ఫోను చేసి "లేచారా మేడం, మీ లక్ష్యం మీకంటే ముందే లేచింది" అనేవాడు. రాత్రి పడుకోబోతుంటే ఫోను చేసి, పడుకునే ముందు తలుచుకోవాల్సిన ఏడు వాక్యాలు చదివి వినిపించేవాడు. పని మీద ఆఫీసుకొచ్చే రైతులు బోర్డు చూసి, "ఇయ్యాలెంతుందమ్మా?" అని అడిగి గానీ అర్జీ ఇచ్చేవారు కాదు. ఒకాయన అర్జీతో పాటు అర కిలో ఉలవలు కూడా తెచ్చిచ్చాడు. రసీదు అడగలేదు.

అది చాలదని ఆవిడ భోజనం క్యారేజీ తనిఖీ చేసే బాధ్యత జోగారావు గారికి అప్పగించారు. ఆయన మంచివాడే. మొహమాటపడుతూనే మూత తీసి, "పుల్కాలు రెండు, బీరకాయ కూర ఒక గిన్నె, పెరుగు కొంచెం," అని రిజిస్టరులో రాసుకుని, "ఏమనుకోకమ్మా," అని మూత పెట్టేవారు. ఆ రిజిస్టరు రాసి రాసి ఆకలేసి, తను వెళ్లి పూరీలు తినేవారు.

నవంబరు అయిపోవచ్చింది. ఎనభై రెండు నాలుగు.

ఒక మధ్యాహ్నం పాత ఫైలు కోసం రికార్డు రూముకి వెళ్లాను. భ్రమరాంబ గారు బీరువాల మధ్య స్టూలు మీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంటున్నారు. నేను వెనక్కి తిరగబోతే, "రండి, పర్లేదు," అన్నారు.

"రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదండీ. కళ్లు మూస్తే ఆ చప్పట్లే. నాలుగు నెలలు ఎవరూ ఏమీ అనకుండానే హాయిగా చేసుకున్నాను. ఇప్పుడు పొద్దున్న లేస్తుంటే నడకకి వెళ్తున్నట్టు లేదు, విచారణకి వెళ్తున్నట్టుంది."

నాకు బాధేసింది. నాకు తెలిసిన ఉపాయం చెప్పాను. వచ్చే సోమవారానికి కాటా కింద చిన్న అట్టముక్క పెడితే అర కిలో తక్కువ చూపిస్తుందని, వీర్రాజు చూసుకుంటాడని.

ఆవిడ నవ్వారు. "కాటాని ఒప్పించచ్చండీ. నా మోకాలు ఒప్పుకోవద్దూ? దానికి లెక్క తెలుసు."

ఆవిడ ముఖం కడుక్కుని వెళ్లి సీట్లో కూర్చున్నారు. నేను వెళ్లి నా ప్రశంసాపత్రాలు సొరుగులో అడుక్కి తోశాను.

ఆ వారమే జోగారావు గారికి టైఫాయిడ్ వచ్చింది. పద్దెనిమిది రోజులు మంచంలో ఉండి, అయిదు కిలోలు తగ్గి వచ్చారు. పశుపతినాథ్ గారి కళ్లు మెరిశాయి. నెలకో కిలో చాలు కదా, తక్కిన నాలుగు కిలోలూ మిగులు. ఆ మిగులును భ్రమరాంబ గారి ఖాతాలో సర్దుబాటు చేయుటకు అనుమతి కోరుతూ పైకి లేఖ రాయించారు. నెల తిరక్కుండా జవాబొచ్చింది. టైఫాయిడ్ అనునది ఉపవాసము కాదు, వ్యాయామమూ కాదు, కావున అట్టి తగ్గుదల చెల్లదు అని. అప్పటికి జోగారావు గారు ఎలాగూ మళ్లీ యథాస్థితికి వచ్చేశారు.

"ఇక ఒకటే మార్గము," అన్నారు పశుపతినాథ్ గారు. "మన కార్యాలయపు సగటు బరువు తగ్గవలెనన్నచో, ఎక్కువ బరువును బయటికి పంపవలెను."

భ్రమరాంబ గారిని పక్క డివిజను ఆఫీసుకి డిప్యుటేషను మీద వేసి, ఆ మధ్యాహ్నమే రిలీవ్ చేశారు. ఆవిడ అరవై కిలోమీటర్లు బస్సులో వెళ్లి ఉత్తర్వు చూపిస్తే, అక్కడి అధికారి ఆవిడని గుమ్మం దగ్గరే నిలబెట్టి లెక్క వేయించాడు. ఆవిడ చేరితే వాళ్ల సగటు కిలోన్నర పెరుగుతుందట. "స్థలాభావము వలన చేర్చుకొనజాలము" అని వెనక రాసి తిప్పి పంపాడు. ఆవిడ తిరిగొస్తే, రిలీవైన ఉద్యోగిని మళ్లీ చేర్చుకునేందుకు నిబంధన లేదన్నారు పశుపతినాథ్ గారు.

"అయితే నేనెక్కడ ఉన్నట్టండీ?" అన్నారు భ్రమరాంబ గారు.

"ప్రస్తుతమునకు మీరు మార్గమధ్యమున ఉన్నారు. తదుపరి ఉత్తర్వుల వరకు ఇంటి యందే ఉండవలసినది."

ఆవిడ సొరుగు ఖాళీ చేసుకుని, పెన్నూ కళ్లజోడూ సంచిలో వేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. ఆ రోజు చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరూ కొట్టలేదు. మార్తాండ్‌ని వేరే జిల్లాలో మొండికేసిన ఇంకో ఉద్యోగి కోసం పంపారు. వెళుతూ వెళుతూ భ్రమరాంబ గారి నంబరు ఫోనులోంచి తీసేశాడట, ఆవిడ ఇప్పుడు ఏ ఆఫీసు పరిధిలోనూ లేదని.

జనవరి చివర్లో ఏదో సంతకం కావలసి నేను వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరూ నడక నుంచి అప్పుడే వస్తున్నారు. సోమలింగం గారి చేతిలో గట్టు మీద కోసిన తోటకూర కట్ట ఉంది. భ్రమరాంబ గారు నన్ను కూర్చోబెట్టి మజ్జిగిచ్చారు. మనిషి ముఖంలో కళ వచ్చింది.

"బరువేమైనా..." అని అడగబోయి ఆగాను.

"చూసుకోలేదండీ. ఇంట్లో కాటా లేదుగా."

"మరి ఇప్పుడెవరూ అడగట్లేదు కదా. ఇంకా నడవడం, ఆ ఒక్కపూటలూ ఎందుకండీ?"

ఆవిడ కాస్త ఆలోచించారు. "పొద్దున్నే గట్టు మీద చల్లగా ఉంటుందండీ. మొన్న లాకుల మెట్లు ఆగకుండా ఎక్కేశాను. ఈయనే వెనకబడ్డారు. షుగరు బిళ్ల ఒకటి తగ్గించారు డాక్టరు గారు. ఇవన్నీ అవుతున్నాయి కదా, ఆ అంకె ఎప్పుడు కదలాలో అప్పుడే కదులుతుందిలే అనుకున్నాను. తిన్నగా తొమ్మిదింటికి పడుకుంటున్నాను. ప్రమోషనే..." అని ఆగి, "అది మాత్రం తల్చుకుంటే కష్టంగానే ఉందండీ," అన్నారు.

సోమలింగం గారు కుట్టుమిషను దగ్గర నుంచి, "ఇంకో అరంగుళం పట్టానండి," అన్నారు.

అదే సమయంలో రాజధానిలో ఒక చిక్కు వచ్చింది. జిల్లాలన్నీ పంపిన లెక్కలు కలిపి చూస్తే, మా శాఖ ఉద్యోగులు ఎనిమిది నెలల్లో మొత్తం పదకొండు టన్నులు తగ్గినట్టు తేలింది. ఆ కాగితం చూసిన పెద్దలెవరో, "మీ ఉద్యోగులకు తిండి పెట్టడం లేదా?" అని అడిగారట. మా డైరెక్టరు గారు వెంటనే లఘుదేహ సంకల్పం ఆపేసి స్థిరదేహ సంకల్పం ప్రకటించారు. తగ్గుట అనారోగ్యమునకు సూచన. స్థిరత్వమే ఆరోగ్యము. పన్నెండు వారాలకు మించి ఒకే బరువులో ఉన్న ఉద్యోగిని గుర్తించి, రాష్ట్రానికే ఆదర్శంగా సన్మానించాలి.

రాష్ట్రమంతా వెతికారు. అందరూ కాగితం మీద తగ్గుతూనే ఉన్నారు. ఒకే ఒక్క పేరు దొరికింది. అక్టోబరు నుంచి ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆవిడ ఏ ఆఫీసులోనూ లేని వారాల్లో ఎవరూ తూచలేదు కనుక, రికార్డు ప్రకారం ఆ వారాల్లోనూ మార్పు లేదు.

భ్రమరాంబ గారి కోసం జీపు వెళ్లింది. రిలీవైన ఉద్యోగిని మళ్లీ చేర్చుకునే నిబంధన కూడా ఆ రోజే దొరికింది.

"మీలోని ఈ స్థిరత్వమును నేను మొదటి నుంచియు గమనించుచునే ఉన్నానమ్మా," అన్నారు పశుపతినాథ్ గారు, స్వయంగా కుర్చీ జరిపి.

సన్మానం ఫిబ్రవరి రెండో సోమవారం. మా హాల్లోనే వేదిక కట్టారు. డైరెక్టరు గారు వచ్చారు. కార్యక్రమం ఏమిటంటే, భ్రమరాంబ గారు వేదిక మీద అందరి ఎదుటా కాటా ఎక్కాలి. ఆ అంకె చూపించి డైరెక్టరు గారు స్థిరత్వం గురించి మాట్లాడి, సూపరింటెండెంటుగా ప్రమోషను ఉత్తర్వు ఆవిడ చేతికివ్వాలి. ఉత్తర్వు నేనే టైపు చేశాను. డైరెక్టరు గారి సంతకం కూడా అయిపోయింది. తారీఖు వేసి కవరులో పెట్టాను.

భ్రమరాంబ గారు చెప్పులు విడిచి కాటా ఎక్కారు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి ఆగాయి.

డెబ్బై తొమ్మిది కిలోల ఎనిమిది వందల గ్రాములు.

భ్రమరాంబ గారు ఒంగి అంకెను చూశారు. మళ్లీ చూశారు. తర్వాత చిన్నపిల్లలా చెయ్యి నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. వెనక వరసలో సోమలింగం గారు లేచి నిలబడి, "ఎనభై దిగావే!" అని గట్టిగా అరిచారు. సంతోషించినవాళ్లు ఆ హాల్లో వాళ్లిద్దరే.

"దిగి మళ్లీ ఎక్కండమ్మా," అన్నారు పశుపతినాథ్ గారు, నుదురు తుడుచుకుంటూ. దిగి ఎక్కారు. అంతే. ఆయన చటుక్కున శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పారు. ఎనభై కిలోల వంద. దండ వేశారు, చామంతుల దండ బాగా తడిపి తెచ్చింది. ఎనభై ఒకటి. ఇత్తడి తూము బొమ్మ ఉన్న జ్ఞాపిక చేతికిచ్చారు. ఎనభై రెండు కిలోల రెండు వందలు. పళ్ల బుట్టలో వెతికి ఒక బత్తాయి కాయ ఏరి జ్ఞాపిక మీద పెట్టారు. సరిగ్గా ఎనభై రెండు కిలోల నాలుగు వందల గ్రాములు.

హాలంతా ఊపిరి పీల్చుకుంది. డైరెక్టరు గారు మైకు అందుకున్నారు. ఫోటోగ్రాఫరు కెమెరా ఎత్తాడు. పశుపతినాథ్ గారు ఆవిడ చెవిలో, "కదలకమ్మా, రెండే నిమిషములు. కవరు అక్కడే ఉన్నది," అన్నారు.

భ్రమరాంబ గారు కవరు వైపు చూశారు. పందొమ్మిదేళ్ల చూపది. తర్వాత బత్తాయి తీసి పశుపతినాథ్ గారి చేతిలో పెట్టారు. జ్ఞాపిక బల్ల మీద పెట్టారు. దండ తీశారు, శాలువా మడిచి దాని పక్కన పెట్టారు.

"ఇవి నావి కావండీ," అన్నారు. "నాది ఇదే."

ఫోటోలో డెబ్బై తొమ్మిది ఎనిమిదే పడింది.

సభ అంతటితో ముగిసింది. కవరు డైరెక్టరు గారి కారులో వెనక్కి వెళ్లిపోయింది. సాయంత్రానికి మెమో చెప్పారు, టైపు చేశాను. "పద్దెనిమిది వారములు స్థిరముగా నుండి, సన్మాన సమయమున ఎట్టి సమాచారమూ లేకుండా రెండు కిలోల ఆరు వందల గ్రాములు తగ్గుటకు కారణమేమి? మూడు రోజులలోగా..."

ఈసారి ఆవిడ మూడు రోజులు తీసుకోలేదు. నా బల్ల దగ్గరే నిలబడి జవాబు చెప్పారు. ఒకటే వాక్యం.

"గత కొన్ని వారములుగా పై అధికారుల నుంచి నాకు ఎటువంటి ప్రోత్సాహమూ లేకపోవుట వలన తగ్గగలిగితినని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను."

నేను టైపు చేస్తూ ఆగి తలెత్తాను. "ఇలాగే పంపమంటారాండీ?"

"నిజమే కదండీ," అన్నారావిడ.

ఆ జవాబును డైరెక్టరు గారు మూడుసార్లు చదివారని చెప్పుకున్నారు. మార్చి మొదటి వారంలో కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రోత్సాహము లేకపోవుట వలన సత్ఫలితములు వచ్చుచున్నట్లు జిల్లాల నుంచి తెలియవచ్చినందున, లోగడ ప్రకటించిన రెండు సంకల్పములూ రద్దు చేయడమైనది. ఇకపై ప్రతి జిల్లాలోనూ ఉద్యోగులకు ప్రోత్సాహము అందకుండా చూచుటకు ఒక నిరుత్సాహాధికారి నియమించబడును.

సంకల్పాలు రెండూ రద్దయ్యేసరికి, భ్రమరాంబ గారి ప్రమోషను ఆపడానికి ఏ కారణమూ మిగల్లేదు. సంతకమైన ఉత్తర్వును దగ్గర ఉంచుకుంటే ఎందుకుంచుకున్నారో మళ్లీ రాయాలి. ఎవరో గుమాస్తా దాన్ని మామూలు పోస్టులో పడేశాడు. జోగారావు గారు రిటైరైన మర్నాడు భ్రమరాంబ గారు ఆ సీట్లో కూర్చున్నారు. కొత్త జాకెట్టు వేసుకున్నారు. ఈసారి దాన్ని లోపలికి పట్టలేదు, సోమలింగం గారు కొత్త కొలతలు తీసి కుట్టారు.

మా జిల్లా నిరుత్సాహాధికారిగా వచ్చింది మార్తాండే. మైకు అదే. రోజూ పదిన్నరకి ఒక్కొక్క బల్ల దగ్గరికీ వచ్చి, "మీ వల్ల కాదు సార్! వదిలెయ్యండి సార్!" అని గట్టిగా చెప్పి, పట్టీలో సంతకం పెట్టించుకుంటాడు.

చేరిన మూడో రోజున సూపరింటెండెంటు గారి బల్ల దగ్గరికి వెళ్లాడు. నేను పక్కనే ఉన్నాను. "మేడం, మీ వల్ల..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. చుట్టూ చూసి, చెంప దగ్గరి మైకు తీసి జేబులో పెట్టుకున్నాడు. మైకు లేకుండా అతని గొంతు వినడం నాకదే మొదటిసారి. సన్నటి గొంతు.

"మేడం, ఒకటి అడగనా? నేనూ చేస్తున్నానండి. రాత్రి తిండి మానేశాను, మెట్లెక్కుతున్నాను. తొమ్మిది కిలోలు తగ్గాను. తర్వాత తొంభై ఏడు దగ్గర ఆగిపోయిందండి. రెండు నెలలైంది. అద్దం ముందు నిలబడి నేను చెప్పే మాటలన్నీ నాకే చెప్పుకుంటున్నాను, ఏం పని చెయ్యట్లేదండి. మానేద్దామనిపిస్తోంది. మీరెలా ఓపిక పట్టారండి అన్ని రోజులు?"

భ్రమరాంబ గారు కళ్లజోడు తీసి అతని వైపు చూశారు. చప్పట్లు, బోర్డు, అయిదింటి ఫోన్లు అన్నీ ఆవిడకి గుర్తొచ్చే ఉంటాయి. నేనైతే ఓ మాట అనేవాణ్ణే.

"నిద్ర పోతున్నావా సరిగ్గా?"

"లేదండి."

"బెల్టు ఎన్నో కన్నం దగ్గరుంది?"

అతను కిందికి చూసుకున్నాడు. కాసేపు పట్టింది. "రెండు కన్నాలు లోపలికొచ్చిందండి," అన్నాడు, తనే ఆశ్చర్యపోతూ.

"మరింకేం. రేపు పొద్దున్న అయిదున్నరకి కాలవ గట్టు దగ్గరికి రా. లాకుల దాకా నడుద్దాం, మా ఆయన కూడా ఉంటారు," అన్నారు భ్రమరాంబ గారు, మళ్లీ ఫైలు తెరుస్తూ. "ఒకటే షరతు బాబూ. మాట్లాడకూడదు."